ఖాళీ వరుసలను తొలగించే స్క్రిప్టు పని చేయకపోతే ఎక్కడ వెతకాలి?

స్ప్రెడ్‌షీట్‌లోని ఖాళీ వరుసలను తొలగించే స్క్రిప్టు పట్టుమని పది పంక్తులు కూడా ఉండదు, అయినా దాని మీద వచ్చినన్ని ఫిర్యాదులు పెద్ద ప్రోగ్రాముల మీద కూడా రావు. ఫిర్యాదు చేసేవారిలో చాలామంది అప్పటికే లూప్‌ను, అంటే వరుసలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే భాగాన్ని, రెండు మూడు రకాలుగా తిరగరాసి ఉంటారు. తొలగకుండా మిగిలిపోయిన వరుసలో ఒక్క సెల్‌ను ఎంచుకొని అందులో నిజంగా ఏముందో మాత్రం చూసి ఉండరు. కోడ్ జోలికి వెళ్లే ముందు ఆ ఒక్క పని చేయండి. షీట్‌కు నకలు తీసి దాని మీదే ప్రయోగాలు చేయాలని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఎక్సెల్‌లో మాక్రో, అంటే అందులో నడిచే స్క్రిప్టు, చేసిన మార్పులను అన్‌డూ వెనక్కి తీసుకురాలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

లక్షణం: కొన్ని ఖాళీ వరుసలు పోతాయి, కొన్ని మిగులుతాయి

స్క్రిప్టును మళ్లీ నడిపితే మిగిలినవాటిలో మరికొన్ని పోతున్నాయా? అయితే కారణం లూప్ నడిచే దిశ. పై నుంచి కిందికి వెళ్లే లూప్ 12వ వరుసను తొలగించగానే, 13వ వరుస పైకి జరిగి 12వ స్థానంలోకి వస్తుంది. లూప్ మాత్రం తన లెక్క ప్రకారం 13కు వెళ్లిపోతుంది. అందువల్ల పక్కపక్కన ఉన్న ఖాళీ వరుసలలో ఒకటి విడిచి ఒకటి మిగులుతుంది. చివరి వరుస నుంచి మొదలుపెట్టి పైకి రండి. ఎక్సెల్ మాక్రోలు రాసే భాష వీబీఏలో ఫర్ లూప్‌కు స్టెప్ మైనస్ 1 అని చేర్చితే సరిపోతుంది.

ఖాళీ వరుస అలాగే ఉండి దాని పై వరుస మాయమైతే, అది గూగుల్ షీట్స్‌కు స్క్రిప్టులు రాసే యాప్స్ స్క్రిప్టులో తరచుగా జరిగే అంకెల పొరపాటు. సెల్‌ల విలువలను చదివే గెట్‌వాల్యూస్ ఇచ్చే పట్టికలో లెక్క 0తో మొదలవుతుంది, షీట్‌లో వరుసల సంఖ్య 1తో మొదలవుతుంది. శీర్షిక వరుసను వదిలి రెండో వరుస నుంచి చదివితే పట్టికలోని సంఖ్యకు 2 కలపాలి.

లక్షణం: ఎర్రర్ రాదు, ఎన్నిసార్లు నడిపినా ఆ వరుసలు కదలవు

ఎక్కువమందిని ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. కంటికి ఖాళీగా ఉన్న ఆ వరుస స్క్రిప్టు దృష్టిలో ఖాళీ కాదు. స్క్రిప్టు తప్పేమీ చేయడం లేదు. మీరు అడిగిన ప్రశ్నకే అది సరైన జవాబు చెబుతోంది. కాబట్టి ముందు సెల్‌ను పరీక్షించాలి. మిగిలిపోయిన వరుస 17వది అనుకుందాం. దూరంగా ఉన్న ఒక సెల్‌లో లెన్ ఫంక్షన్‌తో ఏ17 పొడవును అడగండి, ఆ వరుసలోని మిగతా సెల్‌లకు కూడా అదే చేయండి.

ఎక్కడైనా 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అక్కడ కనిపించని అక్షరం ఉందన్నమాట. అదేమిటో యూనికోడ్ ఫంక్షన్ చెబుతుంది. 32 వస్తే మామూలు స్పేస్. 10 వస్తే సెల్‌లో ఎవరో కొత్త పంక్తి చేర్చారు. 160 వస్తే అది వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వెంట వచ్చే విడదీయరాని స్పేస్. 8203 వస్తే అసలు వెడల్పే లేని స్పేస్. ఇక్కడ కోడ్ అనే పాత ఫంక్షన్‌ను నమ్మవద్దు: తనకు తెలియని అక్షరం ఎదురైతే విండోస్‌లో అది 63 అని, అంటే ప్రశ్నార్థక చిహ్నమని చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఏ అక్షరమో తెలిశాక కూడా, అంచుల్లోని స్పేస్‌లను తీసే ట్రిమ్ ఒక్కటి పెట్టి ఊరుకుంటే చాలదు. వీబీఏలోనూ ఎక్సెల్ ఫార్ములాలోనూ ట్రిమ్ తీసేది 32ను మాత్రమే, 160ని ముట్టుకోదు. ఫార్ములాలోని క్లీన్ 0 నుంచి 31 వరకు ఉన్న అక్షరాలను తీస్తుంది, కనుక 10 దాని పరిధిలోకి వస్తుంది గానీ 160 రాదు. యాప్స్ స్క్రిప్టులోని ట్రిమ్, పైథాన్‌లోని స్ట్రిప్ రెండూ 160ని తీసేస్తాయి, కానీ 8203 వాటికీ లొంగదు. అందుచేత ఏ భాషలో రాసినా, ముందు 10నీ 160నూ 8203నూ రీప్లేస్‌తో తొలగించి, ఆ తరువాత ట్రిమ్ చేసి, మిగిలిన పొడవు సున్నా అయితేనే సెల్ ఖాళీ అని నిర్ణయించడం క్షేమం.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు లెన్ కూడా సున్నా అని చెప్పినప్పుడు మొదలవుతుంది. పొడవు సున్నా, ఫార్ములా బార్‌లో ఏమీ లేదు, అయినా ఈజ్‌బ్లాంక్ ఆ సెల్ ఖాళీ కాదంటుంది, స్క్రిప్టూ కాదంటుంది. ఇది సున్నా పొడవున్న పాఠ్యం, అంటే లోపల ఏమీ లేని జంట కొటేషన్ గుర్తులు. షరతు నెరవేరకపోతే ఏమీ చూపవద్దని ఇఫ్ ఫార్ములాలో రాసి, తరువాత ఎవరో ఆ కాలమ్ మొత్తాన్ని విలువలుగా పేస్ట్ చేస్తే ఫార్ములా పోతుంది, ఈ శూన్య పాఠ్యం మాత్రం సెల్‌లో ఉండిపోతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌ల నుంచి ఎగుమతి చేసిన ఫైళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఒంటరి అపాస్ట్రఫీ ఉన్న సెల్ కూడా ఈ జాతిదే, కాకపోతే అది ఫార్ములా బార్‌లోనైనా దొరికిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఎక్సెల్‌లో ఒక తేలికైన ఉపాయం ఉంది. ఖాళీ కాని సెల్‌లను లెక్కించే కౌంట్‌ఏ శూన్య పాఠ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఖాళీ సెల్‌లను లెక్కించే కౌంట్‌బ్లాంక్ కూడా దాన్ని తన ఖాతాలోనే వేసుకుంటుంది. కాబట్టి ఏ17 నుంచి ఈ17 వరకు ఐదు సెల్‌ల మీద రెండింటినీ ప్రయోగించి కూడండి. కౌంట్‌ఏ 1, కౌంట్‌బ్లాంక్ 5 అని వస్తే, ఐదు సెల్‌లకు మొత్తం ఆరు అయింది. అదనంగా వచ్చిన ఆ ఒకటే మీ స్క్రిప్టును ఆపుతున్న శూన్య పాఠ్యం. షీట్ మొత్తం మీద ఇదే చేసి, సెల్‌ల సంఖ్యను తీసివేస్తే ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఒక్క ఫార్ములాతో తేలిపోతుంది.

అందరూ ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకునే వీబీఏ స్క్రిప్టులో "ఈ వరుసకు కౌంట్‌ఏ సున్నా అయితే తొలగించు" అని ఉంటుంది. మరికొందరు ఈజ్‌ఎంప్టీ వాడతారు. శూన్య పాఠ్యం ఉన్న చోట రెండూ విఫలమవుతాయి. కౌంట్‌ఏ బదులు, వరుసకు కౌంట్‌బ్లాంక్ విలువ ఆ వరుసలోని కాలమ్‌ల సంఖ్యకు సమానమా అని అడిగితే ఈ సమస్య ఒక్క పంక్తి మార్పుతో తీరిపోతుంది; కానీ స్పేస్‌లు కూడా ఉండే అవకాశం ఉంటే పైన చెప్పిన రీప్లేస్, ట్రిమ్ పద్ధతి తప్పదు. ఆ పద్ధతిలో సెల్ విలువను ముట్టుకునే ముందు ఈజ్‌ఎర్రర్‌తో పరీక్షించండి, లేకపోతే ఎర్రర్ విలువ ఉన్న మొదటి సెల్ దగ్గరే స్క్రిప్టు 13వ నంబరు టైప్ మిస్‌మ్యాచ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇంకొక మాట: ఫార్ములా ఇంకా సజీవంగా ఉండి శూన్య పాఠ్యాన్ని చూపిస్తున్న వరుసను తొలగించాలా వద్దా అన్నది స్క్రిప్టు తేల్చే విషయం కాదు. రేపు నింపబోయే వరుస అది అయివుండవచ్చు, కనుక ఆ నిర్ణయం ముందే తీసుకొని షరతులో రాయండి.

గూగుల్ షీట్స్‌లో ఈ కథ కొంచెం వేరుగా ఉంటుంది. గెట్‌వాల్యూస్ నిజమైన ఖాళీ సెల్‌కూ శూన్య పాఠ్యానికీ ఒకే విలువను ఇస్తుంది కాబట్టి వరుసలోని విలువలను జాయిన్‌తో ఒకే పాఠ్యంగా కలిపి పోల్చే స్క్రిప్టుకు అది అడ్డు కాదు. అక్కడ అడ్డుపడేది చెక్‌బాక్సు. టిక్ పెట్టని చెక్‌బాక్సు విలువ ఖాళీ కాదు, ఫాల్స్. చెక్‌బాక్సుల కాలమ్‌ను కింది దాకా లాగి ఉంచిన షీట్‌లో ఒక్క వరుస కూడా ఖాళీగా తేలదు, చివరి వరుస సంఖ్య చెప్పే గెట్‌లాస్ట్‌రో కూడా చిట్టచివరి చెక్‌బాక్సు దాకా వెళ్తుంది. పరీక్షలో ఆ కాలమ్‌ను మినహాయించి, సమాచారం ఉండే కాలమ్‌లను మాత్రమే చూడండి.

పైథాన్‌లో పట్టికలతో పని చేసే పాండాస్ లైబ్రరీ వాడేవారికి: స్పేస్ మాత్రమే ఉన్న సెల్ దానికి పాఠ్యమే. ముందు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో అలాంటివాటిని నాన్, అంటే విలువ లేదని చెప్పే గుర్తుగా మార్చి, తరువాతే ఆ వరుసలను తొలగించే డ్రాప్‌ఎన్‌ఏ పిలవాలి, వచ్చిన ఫలితాన్ని ఒక చరరాశిలో పెట్టుకోవాలి. పిలిచి వదిలేస్తే అసలు పట్టిక మారదు.

లక్షణం: సమాచారం ఉన్న వరుసలు కూడా పోయాయి

ఇది ప్రమాదకరమైనది, కానీ కారణం వెంటనే దొరుకుతుంది: ఒక సెల్ ఖాళీగా ఉండడాన్ని వరుస మొత్తం ఖాళీగా ఉండడంగా స్క్రిప్టు తీసుకుంది. ఎక్సెల్‌లో స్పెషల్‌సెల్స్‌తో ఖాళీ సెల్‌లను ఎంచి ఎంటైర్‌రో డిలీట్ చేస్తే, ఒక్క సెల్ ఖాళీగా ఉన్న వరుస కూడా పోతుంది. డ్రాప్‌ఎన్‌ఏకు హౌ విలువను ఆల్ అని ఇవ్వకపోతే అదీ అంతే, ఎందుకంటే దాని సహజ అమరిక ఎనీ, అంటే ఏ ఒక్క సెల్ ఖాళీ అయినా చాలు. యాప్స్ స్క్రిప్టులో సెల్ విలువ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి పరీక్షించేవారు సున్నా ఉన్న వరుసలనూ పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఆ భాషలో 0 కూడా అసత్యమే. ఖాళీ పాఠ్యంతో మూడు సమాన గుర్తుల పోలిక చేయండి.

లక్షణం: చాలా నెమ్మది, లేదా మధ్యలో ఆగిపోవడం

ఒక్కొక్క వరుసను విడివిడిగా తొలగించడమే కారణం. యాప్స్ స్క్రిప్టుకు సాధారణంగా ఒక్కో పరుగుకు 6 నిమిషాల గడువు ఉంటుంది. పక్కపక్కన ఉన్న ఖాళీ వరుసలను గుంపుగా డిలీట్‌రోస్‌కు ఇవ్వండి. వీబీఏలో యూనియన్‌తో పోగుచేసి ఒకేసారి తొలగించండి. విలువలన్నీ చదివి, వడపోసి, తిరిగి రాయడం ఇంకా వేగమే, కానీ ఆ దారిలో ఫార్ములాలు విలువలుగా మారిపోతాయి. ఎక్సెల్ లూప్ 10,48,576 వరుసలనూ తడుముతుంటే, చివరి సమాచారం ఉన్న వరుసను ముందే కనుక్కొని అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మిగిలినవి

విలీనమైన సెల్‌లలో విలువ ఎడమ పై సెల్‌లోనే ఉంటుంది, కాబట్టి కింది వరుస ఖాళీగా తేలుతుంది, విలీనం తీసేయండి. రక్షణ ఉన్న షీట్ ఎర్రర్ చూపిస్తుంది, చదవండి చాలు. తెల్ల అక్షరాలు, మూడు సెమీకోలన్ల నంబరు ఫార్మాట్ విలువను కంటికి దాస్తాయి, లెన్‌కు దాయలేవు. గూగుల్ షీట్స్ ఫ్రీజ్ కాని వరుసలన్నిటినీ తొలగించనివ్వదు, కనీసం ఒకటి మిగల్చండి. స్పెషల్‌సెల్స్‌కు ఒక్క ఖాళీ సెల్ కూడా దొరకకపోతే 1004 ఎర్రర్ వస్తుంది; ఆ ఒక్క పంక్తికి మాత్రమే, ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకు పోనిచ్చే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టి, వెంటనే ఆన్ ఎర్రర్ గోటూ 0తో దాన్ని రద్దు చేయండి.