విన్సెంట్ డి పాల్ సభకు ఆధ్యాత్మిక సలహాదారుగా వెళ్ళే గురువుకు

గోదావరి డెల్టాలోని ఒక విచారణకు, అంటే ఒక గుడి పరిధిలోని కథోలిక సమాజానికి, బదిలీపై వచ్చిన గురువుకు (ఫాదర్‌కు), అక్కడ పునీత విన్సెంట్ డి పాల్ సభ ఉంటే, దాని ఆధ్యాత్మిక బాధ్యత కూడా సాధారణంగా అప్పగిస్తారు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనాం అనే ఇరవై ఏళ్ళ విద్యార్థి తన మిత్రులతో కలిసి ప్రారంభించిన, పేదలకు సాయం చేసే ఈ సభను ఈనాటికీ నడిపేది గురువులు కాని గృహస్థులే. 1983 నాటి కథోలిక శ్రీసభ చట్టసంహితలోని 317వ నిబంధన, శ్రీసభ అధికారులు స్థాపించిన బహిరంగ సంఘాల గురించి చెబుతూ, గురువులది కాని సంఘంలో నియమావళి అనుమతిస్తే తప్ప చాప్లిన్ (సంఘానికి ఆధ్యాత్మిక సేవ చేసే గురువు) అధ్యక్ష బాధ్యతను చేపట్టరాదని చెబుతుంది. విన్సెంట్ సభ విషయంలోనూ దీనినే కొలబద్దగా పెట్టుకోవడం మంచిది.

ఇది కాగితం మీద తేలికగానే కనిపిస్తుంది. కానీ మన ఊళ్ళలో ఫాదర్ గారు ఒక మాట అన్నాక మరొకరు నోరు విప్పరు. కాబట్టి సమావేశంలో మధ్య కుర్చీని అధ్యక్షునికి విడిచి పక్కన కూర్చోండి. ఎవరికి ఎంత సాయం చేయాలన్న చర్చ వచ్చినప్పుడు సభ్యులందరూ మాట్లాడిన తరువాతే, అదీ అడిగితేనే, మీ అభిప్రాయం చెప్పండి. ఆధ్యాత్మిక చింతన మాత్రం పూర్తిగా మీ పని. రాబోయే ఆదివారపు సువిశేషాన్ని ముందుగా చదువుకొని వచ్చి, ఐదారు నిమిషాలు మించకుండా పంచుకొని, ఈ వారం చూసి వచ్చిన ఇంట్లో క్రీస్తు ఎక్కడ కనిపించాడని సభ్యులనే అడగండి. మొదటి రెండు మూడు వారాలు మౌనమే సమాధానమైనా తొందరపడి ప్రసంగంతో నింపకండి.

సభ్యులు ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్ళడమే ఈ సభకు ప్రాణం. వారితో మీరూ అప్పుడప్పుడు వెళ్ళాలి గానీ ప్రతిసారీ కాదు. గురువు గడపలోకి వచ్చాడంటే ఆ ఇల్లాలు పక్కింటి నుంచి కుర్చీ తెప్పిస్తుంది, పిల్లవాణ్ణి కూల్‌డ్రింకుకు పరుగెత్తిస్తుంది. సాయం కోసం ఎదురుచూసే ఇంటికి అది ఖర్చు. నాట్ల రోజులలో కూలికి వెళ్ళిన ఆడవారు తిరిగి వచ్చాక, సాయంత్రం పూట, ముందే కబురు పెట్టి వెళ్ళడం మర్యాద.

అన్నిటికంటే జాగ్రత్త వహించవలసింది పాపసంకీర్తనం విషయంలో, అంటే విశ్వాసి తన పాపాలను గురువు ముందు రహస్యంగా ఒప్పుకునే చోట. అక్కడ విన్న అప్పు బాధను గాని, తాగుడు సంగతిని గాని, మంచి ఉద్దేశంతోనైనా సభ ముందుకు తేకూడదు. 983వ నిబంధన ఆ రహస్యాన్ని ఉల్లంఘించరానిదిగా నిలిపితే, పశ్చాత్తాపపడిన వ్యక్తికి నష్టం కలిగేలా ఆ సమాచారాన్ని ఏ విధంగానూ వాడరాదని 984వ నిబంధన చెబుతుంది. అదే వ్యక్తి పేరు తరువాత చర్చకు వస్తే, ముఖంలో కూడా ఏమీ కనిపించనీయకండి.

వరద కాలానికి సిద్ధపాటు వేసవిలోనే జరగాలి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి. మొదటి హెచ్చరిక వచ్చాక పేర్లు రాయడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఒక వరదలో నేను విచారణ గృహంలో కూర్చొని, వచ్చిన వారి పేర్లు స్వయంగా రాసుకున్నాను. నడవగలిగిన వారే వచ్చారు; లంకలో మంచం పట్టిన ముసలివారు ఆ జాబితాలో లేరు. ఆ ఇళ్ళు తెలిసిన సభ్యులను నేను అడగనే లేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. జాబితా సభ్యులదే కావాలి, అందులో కథోలికులా కాదా అన్న వడపోత ఉండకూడదు, బియ్యం సంచి పక్కన జ్ఞానస్నానం ప్రస్తావన రానే రాకూడదు.

డబ్బు గురించి చెప్పవలసింది తక్కువ. దాత ఏ పనికి ఇస్తే ఆ పనికే వాడాలని 1267వ నిబంధన శాసిస్తుంది కనుక, గల్ఫ్ నుంచి ఒక ఆడపడుచు వరద బాధితులకని పంపిన సొమ్ము పండుగ పందిరికి మళ్ళకూడదు. సమావేశంలో తిప్పే రహస్య విరాళపు సంచిలో ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరాదు, మీరు కూడా. విచారణ ఖాతాను, సభ ఖాతాను కలపకండి, సభ చెక్కుల మీద సంతకం పెట్టకండి.

సెప్టెంబరు 27న పునీత విన్సెంట్ పండుగకు సభ్యులతో కలిసి దివ్యపూజాబలి సమర్పించండి, నవంబరులో మరణించిన సభ్యులను పేరుపేరునా స్మరించండి. మీకు బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున మాత్రం, సభకు సంబంధించి కొత్త గురువుకు అప్పగించవలసిన కాగితం ఒక్కటీ మీ బల్ల మీద ఉండకూడదు. పుస్తకాలు కార్యదర్శి దగ్గర, పెట్టె తాళం కోశాధికారి దగ్గర ఉంటాయి, ఆయనను ఆ ఇళ్ళకు తీసుకువెళ్ళేది కూడా వారే.