స్నీకర్స్ కొనేముందు ఇన్‌సోల్ లాగి చూడండి

షాపులో రెండడుగులు వేయగానే "అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో" అనిపించే స్నీకర్సే ఎక్కువగా మోసం చేస్తాయి. ఆ మెత్తదనం చాలాసార్లు ఇన్‌సోల్‌లోని (బూటు లోపల పాదం కింద పరిచే పొర) పల్చటి స్పాంజిది. రోజూ తొడిగితే త్వరగానే అణిగిపోతుంది, ఆ తర్వాత పాదం ఆనేది గట్టి రబ్బరు మీదే. అందుకే ముందు ఇన్‌సోల్ బయటికి లాగండి. వేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోతే ఆ జోడు వదిలేయండి. అసలు ఊడి రాకుండా అంటించేసి ఉంటే, రేపు అణిగినా మార్చుకునే వీలుండదు.

ఊడి వస్తే దాన్ని నేల మీద పెట్టి, సాక్స్‌తో పైన నిలబడండి. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ ఉండాలి (ఆ వేలు అందరికీ బొటనవేలే కానక్కర్లేదు). చిటికెన వేలు అంచు దాటుతుంటే వెడల్పు చాలనట్టే. తోలు వాడగా వాడగా వెడల్పులో కాస్త సాగుతుంది, పొడవులో సాగదు. రెక్సిన్ మీద ఆ ఆశా పెట్టుకోవద్దు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే చూడండి, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోండి.

చీలమండ కిందే ఆగిపోయే లో-టాప్ స్నీకర్స్‌లో చీలమండకు ఆసరా ఉండదు. పాదాన్ని పట్టి ఉంచాల్సింది మడమ కప్పు, లేసులే. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్ళతో నొక్కండి. సులువుగా లోపలికి పోతే కొన్నాళ్ళకే కుంగిపోతుంది. బూటు పైఅంచు చీలమండ ఎముకకు తగలకూడదు, తగిలితే కరుస్తుంది. లేసు బిగించాక రంధ్రాల వరసలు రెండూ ఒకదానికొకటి ఆనుకుంటే బూటు వదులు, మరీ దూరంగా ఉండిపోతే పాదం పైభాగానికి బిగుతు. మెట్లెక్కి చూడండి. మడమ కొంచెం లేచినా ఫర్వాలేదు, జారి రుద్దుకుంటే మాత్రం బొబ్బలు ఖాయం.

ముందు భాగాన్ని వంచితే వేళ్ళ మొదలు దగ్గర వంగాలి. నడిమధ్య మడత పడితే అరికాలు త్వరగా అలిసిపోతుంది.

ఇక సోల్. గిన్నెలా పైకి లేచిన రబ్బరు అంచు చుట్టూ కుట్టు కనిపిస్తే మురిసిపోకండి, చాలావాటిలో అది అచ్చులో పోసిన బొమ్మ కుట్టు. నిజమైనదైతే దారం పోగు గోటికి తగులుతుంది, ఇన్‌సోల్ తీస్తే లోపల కూడా చాలాసార్లు ఆ వరస కనబడుతుంది. జిగురు ఒక్కదాని మీదే నిలిచిన సోల్ ఎక్కువగా ముందు, వేళ్ళు వంగే చోట నోరు తెరుస్తుంది. 1966లో వచ్చిన వ్యాన్స్ బ్రాండ్ తరహా పల్చటి వల్కనైజ్డ్ (వేడితో గట్టిపరిచిన రబ్బరు) సోల్ వేరే రకం: బాగా వంగుతుంది, కానీ గంటల తరబడి నిలబడేవాళ్ళకు గట్టిగా ఉంటుంది.

స్టైల్ సంగతి క్లుప్తంగా. గుండ్రటి ముందు భాగం, ఒకే రంగు, చిన్న లోగో ఉన్నవి ఏ ప్యాంటుకైనా నప్పుతాయి. తెల్లవి ఉతికాక నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పచ్చబడతాయి.

ధరను ఎన్నిసార్లు తొడుగుతారో దానితో భాగించి పోల్చుకోండి. భారీ డిస్కౌంట్‌లో వచ్చిన పాత స్టాకైతే లేసుల కింది నాలుక లోపలి లేబుల్ మీద తయారీ తేదీ ఉందేమో చూడండి. పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ నురగతో చేసిన సోల్ వాడకపోయినా గాలిలోని తేమకు ఏళ్ళ తరబడి నానినట్టై, ఒకరోజు నడుస్తుండగానే పొడిపొడిగా రాలిపోతుంది.