ఆటిజం తీవ్రతను కొలిచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వినికిడి పరీక్ష ముందుగా పూర్తి కావాలి. పిలిస్తే పలకకపోవడానికి చెవి సమస్యే కారణమైతే, దాన్ని ఆటిజం లక్షణంగా లెక్కకట్టడం ఆ బిడ్డకు అన్యాయం.

విశాఖపట్నం ఉక్కపోతలో గాజువాక నుంచో భీమిలి నుంచో బస్సులో వచ్చిన పిల్లలను వెంటనే పరీక్ష గదిలోకి తీసుకెళ్లకూడదు. కాసేపు సేదతీరనివ్వాలి. జ్వరంగా ఉంటే మరో రోజుకు వాయిదా వేయించుకోవాలి.

మన దేశంలో వైకల్య ధ్రువపత్రానికి వాడే ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే ఆటిజం తీవ్రత కొలమానంలో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, మొత్తం 70 నుంచి 106 వరకు వస్తే స్వల్పమనీ, 107 నుంచి 153 వరకు మధ్యస్థమనీ, అంతకు మించితే తీవ్రమనీ నిర్ణయిస్తారు. లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందన్నదే ఈ మార్కులకు ఆధారం కనుక, తల్లిదండ్రులు ‘ఎప్పుడూ ఇంతే’ అని తేల్చేయకుండా, గుమ్మం దగ్గర వరుసగా పేర్చిన చెప్పుల్లో ఒకటి కదిపితే బిడ్డ ఎంతసేపు ఏడుస్తాడో, ఎలా ఊరుకుంటాడో, అలా రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో ఒక వారం పాటు రాసి తీసుకురావాలి. ఇంట్లో తీసిన చిన్న వీడియోలుంటే మరీ మంచిది.

ఇంట్లో ఒడియానో హిందీయో మాట్లాడుతుంటే ముందే చెప్పాలి. పరీక్షించేవారు బిడ్డకు అలవాటైన మాటల్లోనే పలకరించాలి. బిడ్డ వింటుండగా లోపాలు ఏకరువు పెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు.

16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ఎం-చాట్ ప్రశ్నావళి అనుమానాన్ని గుర్తించడానికే గానీ తీవ్రతను కొలవడానికి కాదు. దాని ఫలితాన్ని ఐఎస్ఏఏ మార్కులతో పోల్చకూడదు.