క్రూజ్‌లో వెళ్తే చేతికి మామూలు వాచీ పెట్టుకోండి

కరీబియన్ క్రూజ్‌లో ఓడ ఆగిన చోటల్లా ఫోన్ తనంతట తానే అక్కడి టైమ్‌కి మారిపోతుంది. ఓడ మాత్రం చాలాసార్లు బయల్దేరిన రేవు టైమే పాటిస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఉదాహరణకి వేసవిలో, ఓడ బయల్దేరే అమెరికా రేవు మయామీ కంటే జమైకా, మెక్సికో దీవి కోజుమెల్ ఒక గంట వెనక ఉంటాయి. ఓడ ఎక్కాల్సిన ఆఖరి సమయం నాలుగున్నర అనుకోండి. ఫోన్‌లో మూడున్నరే కదా అని బీచ్‌లో కొబ్బరి బోండం తాగుతూ కూర్చుంటే అంతే సంగతులు. ఒకసారి ఇసుక కాళ్లతోనే రేవు పొడవునా పరుగెత్తాం.

అప్పటినుంచి ఓడ ఎక్కగానే ముళ్ల వాచీని ఓడ గడియారానికి కలిపేస్తున్నా. వాచీ లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, ఓడ టైమ్ మనమే పెట్టుకోవచ్చు. దిగేటప్పుడు తలుపు దగ్గర బోర్డు మీద తిరిగి ఎక్కాల్సిన టైమ్ రాసి ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. దానికి గంటన్నర ముందు అలారం పెట్టండి. బయట సొంతంగా మాట్లాడుకున్న టాక్సీ, పడవ వాళ్లు అక్కడి టైమ్ చెప్తారు, అది విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఒక్క జాగ్రత్త: కొన్ని ఓడలు దారిలో, ఎక్కువగా రాత్రిపూట, తమ గడియారాన్నే గంట జరుపుతాయి. అప్పుడు ఈ వాచీయే కొంప ముంచుతుంది. ముందు రోజు సాయంత్రం గదికి వచ్చే కార్యక్రమాల కాగితంలోనో ఓడ యాప్‌లోనో ఆ సంగతి చెప్తారు, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి.