షెల్లాక్ ప్లేట్ల మీద డాన్స్ బ్యాండ్ సంగీతం – మూడో పాఠం: గొంతు వినబడేలోపు

కిందటి రెండు పాఠాల్లో మెషిన్ సంగతి, సూది సంగతి అయిపోయాయి. ఇప్పుడే చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. 78 ప్లేటుకి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ షెల్లాక్ ప్లేటుకి, తర్వాతి కాలపు ఎల్‌పీల సూది వాడొద్దు. ఎల్‌పీ సూది మొన 18 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది, 78 గాడికి కావాల్సింది 75 దగ్గర, సన్న సూది పెడితే అది గాడి అడుగున పేరుకున్న దుమ్ములో దొర్లుతుంది, మీకు పాట తక్కువా గరగర ఎక్కువా వినబడతాయి. రెండోది, స్పిరిట్‌తో తుడవొద్దు. షెల్లాక్ అంటే లక్క, కుర్చీలకి పాలిష్ పెట్టేవాళ్లు లక్కని కరిగించేది స్పిరిట్‌లోనే, కాబట్టి మీరు తుడుస్తున్నాననుకునేది ప్లేటుని కరిగించడమే. డిస్టిల్డ్ వాటర్, అందులో ఒకటి రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి గుడ్డ చాలు. లేబుల్ తడవకూడదు.

ఇక అసలు పని, అంటే వినడం.

మనకి పాట అంటే గొంతు. సినిమా పాటలో ముందు ఎంత మ్యూజిక్ వచ్చినా మన చెవి పల్లవి కోసమే కాచుకుని ఉంటుంది, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చేదాన్ని అందరం ఫోన్ చూసుకునే టైమ్‌గానే వాడుకుంటాం. ఈ అలవాటుతోనే 1930ల లండన్ డాన్స్ బ్యాండ్ ప్లేటు పెట్టారనుకోండి, ఒక నిమిషం దాకా ఎవరూ పాడరు, ఆ తర్వాత ఒకాయన వచ్చి మర్యాదగా ఒక్క విడత పాడి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు, బ్యాండు ఇంకో విడత వాయించి ఆపేస్తుంది. కొత్తగా విన్నవాళ్లలో చాలామంది ‘ఇంతేనా’ అనుకునేది ఇక్కడే. ఈ ప్లేట్లు కూర్చుని వినేవాళ్ల కోసం చేసినవి కావు. హోటల్ ఫ్లోర్ మీద ఒకరి నడుం మీద ఒకరు చెయ్యి వేసుకుని తిరిగే జంటల కోసం, ఆ హోటల్‌కి వెళ్లే స్తోమత లేక ఇంట్లో కార్పెట్ చుట్టి పక్కన పెట్టి తిరిగే జంటల కోసం చేసినవి. వాళ్లకి కావాల్సింది లయ, గొంతు కాదు. పాడేవాడు చాలాసార్లు బ్యాండులోనే గిటారో వయొలినో వాయించే మనిషి, తన వంతు వచ్చినప్పుడు లేచి పాడి మళ్లీ కూర్చునేవాడు.

లేబుల్ చూస్తే ఇది తెలిసిపోతుంది. పాట పేరు కింద ‘ఫాక్స్-ట్రాట్’ అనో ‘వాల్ట్జ్’ అనో ఉంటుంది, అంటే ముందు చెప్పేది ఏ అడుగు వెయ్యాలో. దాని తర్వాత బ్యాండు పేరు. గాయకుడి సంగతి చిన్న అక్షరాల్లో ‘విత్ వోకల్ రిఫ్రెయిన్’ అని ఉంటుంది, ఎవరి గొంతో చాలా లేబుళ్ల మీద ఉండనే ఉండదు. మన దగ్గర ఘంటసాల పేరు లేకుండా ప్లేటు వేస్తే కొనేవాళ్లా? అక్కడ మాత్రం జనం కొన్నది బ్యాండు పేరుని.

ఆ పేర్లలో కొన్ని తెలిసి ఉండాలి, పెద్ద జాబితా అక్కర్లేదు. సవాయ్ హోటల్‌లో సవాయ్ ఆర్ఫియన్స్ వాయించేవాళ్లు, బీబీసీ 1923 నుంచే ఆ హోటల్ నుంచి ప్రసారం చెయ్యడంతో దేశమంతా వాళ్లని ఎరుగును. మేఫెయిర్ హోటల్‌లో 1927 నుంచి ఆంబ్రోజ్. మాన్‌సెన్యోర్ రెస్టారెంట్‌లో ముందు రాయ్ ఫాక్స్, 1932 నుంచి లూ స్టోన్. బీబీసీ సొంత డాన్స్ ఆర్కెస్ట్రాని 1928 నుంచి జాక్ పేన్, 1932 నుంచి హెన్రీ హాల్ నడిపారు. వీళ్లందరికీ భిన్నంగా, ఏ హోటల్లోనూ లేకుండా స్టూడియోలో మాత్రమే ఉన్న బ్యాండు ఒకటుంది: హెచ్‌ఎంవీ వాళ్ల న్యూ మేఫెయిర్ డాన్స్ ఆర్కెస్ట్రా. పేరులో మేఫెయిర్ ఉందని హోటల్ బ్యాండు అనుకోకండి. పేరున్న హోటల్ బ్యాండ్ల నుంచి మంచి వాయిద్యగాళ్లని రికార్డింగ్ రోజుకి పిలిపించుకుని రే నోబుల్ అనే పాతికేళ్లు దాటీదాటని కుర్రాడు నడిపించాడు. నా మటుకు నాకు, నేర్చుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇతని దగ్గరే. ఆంబ్రోజ్ బ్యాండు నునుపు ఎక్కువ, హెన్రీ హాల్‌ది మరీ బుద్ధిమంతుడి వాయింపు, లూ స్టోన్ అంటే నాకు ప్రాణం గానీ అతని బ్యాండులో ఒకేసారి చాలా జరుగుతాయి, కొత్త చెవికి కష్టం. నోబుల్ దగ్గర ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు వేళ్లు సిద్ధం చేసుకోండి. తాళం వెయ్యడం తెలిసినవాళ్లకి ఇది నల్లేరు మీద నడకే. ఫాక్స్‌ట్రాట్‌కి బార్‌కి (మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది) నాలుగు దెబ్బలు. లెక్క ఇలా పెట్టండి: ఒకటి-రెండు-మూడు-నాలుగు, రెండు-రెండు-మూడు-నాలుగు, మూడు-రెండు-మూడు-నాలుగు... అంటే ప్రతి బార్ మొదటి దెబ్బ దగ్గర బార్ నంబరు చెప్పుకుంటూ పోవడం. ఎనిమిది వరకు వెళ్లి మళ్లీ ఒకటి. ఆ కాలపు పాటల్లో ఎక్కువభాగం ఎనిమిదేసి బార్లు నాలుగు ముక్కలు, మొత్తం 32 బార్లు, దాన్ని కోరస్ అంటారు (బృందగానం అని కాదు, ఒక పూర్తి విడత అని). మొదటి ముక్క ఒక ట్యూన్, రెండోదీ అదే ట్యూన్, మూడోది కొత్తది, నాలుగోది మళ్లీ మొదటి ట్యూన్. మూడో ముక్క వచ్చిందని గుర్తుపట్టగలిగితే మీకు సగం పాఠం వచ్చినట్టే, ఎందుకంటే పాట ఎక్కడుందో మీకు తెలిసిపోతుంది, అక్కడి నుంచి ఏది వచ్చినా మీరు దారి తప్పరు.

చిన్న లెక్క చేద్దాం. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు పడుతుంది, అటూ ఇటూ కొంచెం. నిమిషానికి 40 బార్ల వేగంతో వాయిస్తే మొత్తం 120 బార్లు. 32 బార్ల కోరస్‌లు మూడైతే 96. మిగిలిన 24 బార్లలో ముందుమాటగా నాలుగో ఎనిమిదో బార్లు, ఒక చిన్న వెర్స్ (కోరస్‌లో భాగం కాని విడి ముక్క), శ్రుతి మార్చడానికి రెండు మూడు బార్లు, ముగింపు. ఆ మూడు కోరస్‌లలో మొదటిది బ్యాండుది, రెండోది గొంతుది, మూడోది మళ్లీ బ్యాండుది. గాయకుడు ఎందుకు అంత ఆలస్యంగా వస్తాడో, ఎందుకు ఒక్కసారే వస్తాడో ఈ లెక్కలోనే ఉంది. అదే పాట నెమ్మదిగా, నిమిషానికి 30 బార్లతో నడిపిస్తే 90 బార్లే పడతాయి, మూడు కోరస్‌లు పట్టవు. అందుకే నెమ్మది పాటల్లో గొంతు ఆగాక బ్యాండు మూడో ముక్క నుంచి అందుకుని సగం కోరస్‌తో ముగిస్తుంది. తెలియనప్పుడు ఇది హడావుడిగా తెంపేసినట్టు అనిపిస్తుంది. ఈ ఇరుకులోనే అరేంజర్ (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసే మనిషి) పనితనమంతా కనబడుతుంది, నాకు ఈ సంగీతంలో అన్నిటికంటే నచ్చేది అదే.

లెక్క తప్పుతోందా? విక్టర్ సిల్వెస్టర్ ప్లేటు ఏదైనా పెట్టండి. ఈయన 1922లో ప్రపంచ బాల్‌రూమ్ ఛాంపియన్, బ్యాండ్లు వేగం అటూ ఇటూ చేస్తే డాన్స్ చేసేవాళ్లకి ఇబ్బందిగా ఉందని 1935లో సొంత ఆర్కెస్ట్రా పెట్టి, మొదటి బార్ నుంచి చివరి బార్ దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించాడు. కూర్చుని వింటే, నిజం చెప్పాలంటే, నిద్రొస్తుంది. లెక్క ప్రాక్టీసుకి మాత్రం అంతకంటే మంచి ప్లేట్లు లేవు.

ఇప్పుడు అసలు ప్లేటు. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ సినిమా చూసినవాళ్లు చివర్లో పాత ఫొటో మీదకి కెమెరా వెళ్తుంటే వచ్చే పాట మర్చిపోరు. అది 1934లో రే నోబుల్ ఆర్కెస్ట్రా చేసిన ‘మిడ్‌నైట్, ది స్టార్స్ అండ్ యూ’. ఆ సినిమా పుణ్యమా అని దాన్ని దయ్యాల పాట చేసేశారు, పాపం అది చక్కటి ప్రేమపాట. నెట్‌లో సులువుగా దొరుకుతుంది, అందుకే పాఠానికి తీసుకున్నాను. సినిమాలోని ముక్క కాదు, పూర్తి ప్లేటు వినండి. మూడుసార్లు వినాలి, మూడుసార్లూ వేరే పని.

మొదటిసారి కేవలం లెక్క. ఎనిమిదేసి బార్లు, ప్రతి ఎనిమిదికీ కాగితం మీద ఒక గీత. గొంతు మొదలైన గీత దగ్గర చుక్క పెట్టండి, ఆగిన దగ్గర ఇంకో చుక్క.

రెండోసారి ట్యూన్ ఎవరి చేతిలో ఉందో చూడండి. డాన్స్ బ్యాండులో మూడు జట్లు ఉంటాయి. ఒకటి శాక్సోఫోన్లు, వాళ్లే అవసరమైతే క్లారినెట్ అందుకుంటారు. రెండోది ట్రంపెట్లు, ట్రాంబోన్లు, చాలాసార్లు వాయిద్యం మూతికి మ్యూట్ (శబ్దాన్ని అణిచే మూత) పెట్టి వాయిస్తారు కాబట్టి ఇత్తడి వాయిద్యం అని వెంటనే పోల్చుకోలేరు, మన పెళ్లి బ్యాండు ట్రంపెట్ లాగా మోగుతుందని ఎదురుచూస్తే దొరకదు. మూడోది పియానో, గిటార్, బాస్, డ్రమ్స్. ట్యూన్ ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి చేతులు మారేది దాదాపు ఎప్పుడూ ఎనిమిది బార్ల సరిహద్దు దగ్గరే, మీ కాగితం మీద గీతలు ఇప్పుడు పనికొస్తాయి.

మూడోసారి గొంతు వెనక ఏం జరుగుతోందో వినండి. గాయకుడు ఒక లైను పాడి ఊపిరి తీసుకునే ఖాళీలో ఎవరు దూరుతున్నారు? ఆ చిన్న ఖాళీలు నింపడంలో నోబుల్ ఎంత పొదుపుగా ఉంటాడో ఒకసారి పట్టుకుంటే, మిగతా బ్యాండ్లలో ఎవరు అనవసరంగా నింపుతున్నారో మీకే తెలుస్తుంది.

ఆ గొంతు అల్ బౌలీది. మొజాంబిక్‌లో పుట్టి జోహానెస్‌బర్గ్‌లో పెరిగాడు, తండ్రి గ్రీకు, తల్లి లెబనాన్ మనిషి. లండన్‌లో పేరు రాకముందు 1926 ప్రాంతంలో కలకత్తా గ్రాండ్ హోటల్‌లో జిమ్మీ లెక్విమ్ బ్యాండులో పనిచేశాడు, అక్కడి నుంచి సింగపూర్, బెర్లిన్, ఆ తర్వాత 1928లో లండన్. మైకు వచ్చాక పుట్టిన పాడే పద్ధతి ఇతనిది. 1925కి ముందు రికార్డింగ్ అంటే పెద్ద కొమ్ములోకి గట్టిగా పాడటం, ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చాకే చెవిలో చెప్పినట్టు పాడినా ప్లేటు మీదకి ఎక్కింది. 1941 ఏప్రిల్ 17న లండన్ మీద జర్మన్ల బాంబు దాడిలో తన ఫ్లాట్‌లోనే చనిపోయాడు. అంతకు నెల కిందటే, మార్చి 8న, కెఫే డి పారిస్ అనే లండన్ నైట్‌క్లబ్ మీద బాంబు పడి కెన్ ‘స్నేక్‌హిప్స్’ జాన్సన్ బ్యాండు నడిపిస్తూనే పోయాడు.

కాలం గుర్తుపట్టడానికి ఒక చిట్కా. లయ జట్టులో బ్యాంజో టకటకమంటూ, కింద బాస్‌కి బదులు ఊదే ట్యూబా వినబడితే చాలావరకు 1920ల ప్లేటు. గిటార్, తీగల బాస్ వినబడితే 1930 తర్వాతది అయ్యే అవకాశం ఎక్కువ. ఖాయమేమీ కాదు, కానీ సంతలో లేబుల్ చిరిగిన ప్లేటు దొరికినప్పుడు పనికొస్తుంది.

సంత అన్నాను కాబట్టి: ఇవి మన దగ్గర దొరకవని అనుకోకండి. కలకత్తా దగ్గర హెచ్‌ఎంవీ వాళ్ల డమ్ డమ్ ఫ్యాక్టరీలో ఇంగ్లిష్ డాన్స్ బ్యాండ్ ప్లేట్లు కూడా అచ్చయ్యేవి, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో జుమ్మేరాత్ బజార్‌లోనో పాత ప్లేట్ల దొంతర కనబడితే ఇంగ్లిష్ లేబుళ్లు తోసెయ్యకుండా చూడండి. అసలు ప్రపంచం మొత్తం వాడిన లక్కలో ఎక్కువభాగం మన మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు చేసిందే. ప్లేటులో మిగతాది ఎక్కువగా రాతిపొడి. సర్రుమనే ఆ శబ్దం చాలావరకు ఆ పొడి పుణ్యం. దాన్ని ‘వింటేజ్ ఫీల్’ అని మురిసిపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది, శుభ్రమైన రికార్డింగ్‌కి యాప్‌లో గరగర కలిపేవాళ్లతో ఇంకా పెద్ద పేచీ ఉంది. 1934లో ప్లేటు కొన్నవాళ్లకీ అది చిరాకే, అందుకే కొలంబియా కంపెనీ పైన మెత్తటి పొర వేసి తక్కువ చప్పుడు చేసే ప్లేట్లు తెచ్చి, ఆ సంగతే ప్రచారం చేసుకుంది.

మీ ఆంప్లిఫయర్‌లో ఒక మార్పు. ఫోనో ఇన్‌పుట్‌లో ఉండే ఆర్‌ఐఏఏ కర్వ్ (ప్లేటు నుంచి వచ్చే శబ్దంలో హెచ్చుతగ్గులు సరిచేసే లెక్క) 1950లలో ఎల్‌పీల కోసం స్థిరపడింది, అది ట్రెబుల్‌ని, అంటే పై స్థాయి శబ్దాలని, బాగా తగ్గిస్తుంది. ఆ కాలపు బ్రిటిష్ 78లలో ట్రెబుల్‌ని ముందుగా పెంచి రికార్డు చెయ్యలేదు, కాబట్టి తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు వినబడుతుంది. ట్రెబుల్ పెంచండి, సర్రు పెరిగినా భయపడొద్దు, ట్రంపెట్ మ్యూట్ల తేడా తెలిసేది అప్పుడే. స్విచ్ ఉంటే మోనోలో పెట్టండి, దాంతో సర్రు కొంత దానంతటదే తగ్గుతుంది. స్పీడ్ చూసుకోవడానికి 77 గీతల స్ట్రోబ్ కాగితం (చుట్టూ గీతలున్న గుండ్రటి కాగితం) తిరిగే ప్లేటు మీద వేసి మామూలు ట్యూబ్‌లైట్ కింద పెట్టండి, మన కరెంటు కూడా ఇంగ్లండ్ లాగా 50 హెర్ట్జ్ కాబట్టి వాళ్ల స్ట్రోబ్ మనకి సరిపోతుంది. గీతలు కదలకుండా నిలబడితే వేగం 77.92, అంటే సరిగ్గా ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటి కింద ఇది పనిచెయ్యదు.

వచ్చే పాఠానికి హోంవర్క్: ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 78 ప్లేట్ల సేకరణ ఉంది, అందులో లూ స్టోన్‌ది ఒకటి, ఆంబ్రోజ్‌ది ఒకటి ఫాక్స్‌ట్రాట్ వెతికి, రెండింటికీ ఎనిమిది బార్ల గీతలు గీసి, గొంతు ఏ గీత దగ్గర వచ్చిందో, ట్యూన్ ఎన్నిసార్లు చేతులు మారిందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ కాగితాలు ముందు పెట్టుకునే మ్యూట్ల గురించి, లేబుల్ పక్కన ప్లేటు మీద చెక్కిన నంబర్లు చదవడం గురించి చూద్దాం.