కిట్ కారుకు పాత ఇంజనా, కొత్త ఇంజనా?

బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు ఆకారంలో, బర్గర్ ఆకారంలో నడిచే కార్లను చూసినవారికి, ఈ ఊళ్లో రేకును ఏ రూపానికైనా వంచగల చేతులు ఉన్నాయని వేరే చెప్పనక్కర్లేదు. కిట్ కారు, అంటే విడిభాగాలు సమకూర్చుకుని సొంతంగా కట్టుకునే కారు, కట్టాలనుకునేవారికి హైదరాబాద్‌లో ఛాసిస్ వెల్డింగ్ గానీ బాడీ పని గానీ పెద్ద అడ్డంకి కావు. పని ఆగిపోయేది ఇంజన్ దగ్గర. సగం కట్టి టార్పాలిన్ కప్పి వదిలేసిన కార్లు నేను మూడు చూశాను. మూడింటిలోనూ తప్పు ఇంజన్ ఎంపికలోనే జరిగింది. ఆ మూడింటిలో ఒకటి నాదే.

ముందుగా హార్స్‌పవర్ భ్రమను పక్కన పెట్టాలి. కిట్ కార్లకు మూలరూపం అనదగిన లోటస్ సెవెన్ 1957లో వచ్చినప్పుడు అందులో ఉన్నది 1172 సీసీ ఫోర్డ్ ఇంజన్, దాని శక్తి సుమారు 40 హార్స్‌పవర్ మాత్రమే. ఆ కారు సరదా అంతా తక్కువ బరువులో ఉంది. 550 కిలోల కారులో మారుతి ఈకో 1196 సీసీ ఇంజన్ పెడితే, ఆ 73 హార్స్‌పవర్ టన్నుకు 130 దాటుతుంది; పాత మారుతి 800లో ఆ లెక్క 60కి కూడా చేరదు. కాబట్టి మనకు అందుబాటులో ఉన్న ఇంజన్లలో దాదాపు ఏదైనా శక్తికి సరిపోతుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ సంగతి ముందే తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపం నుంచి వాహనాన్ని మార్చడాన్ని అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా అదే చెప్పింది. కొత్త నమూనా ఏదైనా రోడ్డెక్కాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష నెగ్గాలి. ఇంట్లో కట్టిన ఒక్క కారు కోసం ఆ ఖర్చు పెట్టుకోవడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. అందుచేత ఇక్కడ చెప్పేదంతా ట్రాక్ మీద, సొంత స్థలంలో, ఫామ్‌హౌస్ దారుల్లో నడిపే కారు గురించి. దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. బ్రిటన్‌లో సొంతంగా కట్టిన కారును విడిగా పరీక్షించి రోడ్డు మీదికి అనుమతిస్తారు, పొగ పరీక్ష కొలమానం ఇంజన్ తయారైన కాలాన్ని బట్టి ఉంటుంది; పాత ఇంజన్‌కు సడలింపు ఎక్కువ. అక్కడివారు పాత ఇంజన్లను మెచ్చుకోవడానికి అదొక కారణం. ఆ కారణం మనకు వర్తించదు కనుక వారి సలహాను ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకోకూడదు.

ఇక అసలు విషయం. పాత ఇంజన్ కొంటే ఇనుము కొన్నట్టు. కొత్త ఇంజన్ కొంటే ఒక వ్యవస్థను కొన్నట్టు. కార్బురేటర్ ఇంజన్‌కు పెట్రోలు, స్పార్కు, నీళ్లు అందితే చాలు, తిరుగుతుంది. ఇంజెక్షన్ ఇంజన్‌కు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), దాని వైరింగ్, సెన్సర్లు, ట్యాంకులోని పంపు, కొన్నిటికి తాళంచెవి కూడా కలిసి రావాలి. ఇది తెలియకే నేను మొదటిసారి మోసపోయాను. నిజానికి మోసపోయానని కూడా అనలేను, అడగకపోవడం నా తప్పే. ఆటోనగర్‌లో ఒక తుక్కు షాపులో ఇంజెక్షన్ ఇంజన్ బేరం కుదిరి, మరునాడు ఆటోట్రాలీ తీసుకుని వెళ్లేసరికి, షాపు కుర్రాడు ఇంజన్ దించే తొందరలో వైరింగ్ కట్టను ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు) దగ్గర కట్టర్‌తో ఒక్క వేటున నరికి, రాగి కోసం గోనెసంచిలో వేస్తున్నాడు. "వైర్లతోని ఏం పని సార్, ఇంజన్ మస్తుగుంది, చూడుర్రి" అన్నాడు. ఇంజన్ నిజంగానే బాగుంది. కానీ ఒకే రంగు వైర్లు పదహారు తెగి ఉంటే ఏది దేనికో కలుపుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, అది కలిశాక తెలిసింది, ఈసీయూ ఇమ్మొబిలైజర్‌తో, అంటే దొంగతనాన్ని ఆపే ఎలక్ట్రానిక్ తాళంతో, జత అయి ఉన్నదని, ఆ కారు తాళంచెవి లేనిదే స్పార్క్ ఇవ్వదని.

కాబట్టి కొత్త ఇంజన్ వైపు మొగ్గితే విడి ఇంజన్ కొనవద్దు. ప్రమాదంలో బాడీ పాడైన కారును మొత్తంగా కొని, ఇంకా దాని మీదే ఇంజన్‌ను స్టార్ట్ చేయించి చూసి, ఈసీయూ, వైరింగ్, ఫ్యూజ్ బాక్సు, యాక్సిలరేటర్ పెడల్, తాళంచెవి, ట్యాంకు పంపు మీ చేత్తో మీరే విప్పుకోండి. ప్రతి కనెక్టర్‌కు తెల్ల టేపు చుట్టి పేరు రాయండి. ఆర్‌సీ నకలు, ఇంజన్ నంబరు రాసిన బిల్లు తీసుకోవడం మరువకండి. ఆ నంబరును బ్లాకు మీద ఉన్నదానితో టార్చి వేసి పోల్చుకోండి. దొంగ ఇంజన్ చేతికొస్తే ఆ తలనొప్పికి వైరింగ్ తలనొప్పి ఏమూలకూ రాదు.

పాత ఇంజన్ల విషయంలో సులువు ఎంత ఉన్నదో, హైదరాబాద్‌లో చిక్కులూ అన్నే ఉన్నాయి. మొదటిది పెట్రోలు. దేశమంతా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి వచ్చింది; అంతకు ముందటి ఇనుప హెడ్ ఇంజన్లలో, అంటే పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ వంటివాటిలో, వాల్వు కూర్చునే అంచుకు సీసమే రక్షణ. అది లేకపోతే ఎక్కువ ఆర్‌పీఎం మీద ఆ అంచు నెమ్మదిగా అరిగి, ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతూ వస్తుంది. లేత్ షాపులో గట్టి సీట్లు దింపిస్తే సమస్య తీరుతుంది, ఆ ఖర్చును మాత్రం ముందే లెక్కలో వేసుకోవాలి. రెండోది ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటర్‌లోని పాత జెట్‌తో (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రం) మిశ్రమం పల్చబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు మెత్తబడి ఉబ్బుతాయి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ ఇంజన్ ఈ తేడాను తనంతట తానే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ మార్చవలసింది మనమే. దానికి తోడు, మే నెల మధ్యాహ్నం కారు ఆపి పదినిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే, ఇంజన్ వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోయి సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. సెవెన్ తరహా ఇరుకు బానెట్ కింద ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఇంజన్ వయసు కన్నా అది కారులో కూర్చునే దిశ ముఖ్యమని చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు. ఆల్టో కె10లోని 998 సీసీ కె-సిరీస్ అల్యూమినియం ఇంజన్ తేలికైనదే గానీ, అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది; దాన్ని వాడాలంటే గేర్‌బాక్స్‌తో సహా సీట్ల వెనక పెట్టుకోవాలి. ముందు ఇంజన్, వెనక చక్రాలు కావాలంటే పొడవు దిశలో కూర్చునే ఇంజన్ కావాలి. మన దగ్గర అందుకు ఆమ్ని, ఈకో, జిప్సీ, అంబాసిడర్, కాంటెస్సా ఉన్నాయి. ఆమ్ని, ఈకోలలో డ్రైవర్ దాదాపు ఇంజన్ మీదే కూర్చుంటాడు కాబట్టి గేరు లివర్ ముందుకు వచ్చే లింకేజీ ఉంటుంది. సెవెన్‌లో డ్రైవర్ ఇంజన్ వెనక ఉంటాడు కనుక ఆ లింకేజీని మళ్లీ తయారు చేయించుకోవాలి. జిప్సీలో ఆ బాధ లేదు. లివర్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు చిన్న షాఫ్ట్‌తో విడిగా ఉంటుంది కనుక దాన్ని తీసేస్తే గేర్‌బాక్స్ నుంచి నేరుగా వెనక యాక్సిల్‌కు ప్రొపెల్లర్ షాఫ్ట్ వేసుకోవచ్చు.

అందుకే నన్నడిగితే జిప్సీకి 2000లో వచ్చిన 1298 సీసీ, 16 వాల్వుల, 80 హార్స్‌పవర్ ఇంజెక్షన్ ఇంజన్ దొరికితే మరో ఆలోచన వద్దంటాను. ఇంజెక్షన్ లాభాలన్నీ ఉన్నాయి, తికమక తక్కువ. అది దొరకకపోతే ఈకో. ఏది కొన్నా థ్రాటిల్ బాడీకి యాక్సిలరేటర్ కేబుల్ ఉన్నదా, లేక వైర్లు మాత్రమే ఉన్నాయా చూడండి. కేబుల్ ఉంటే స్పీడ్యుయినో, మెగాస్క్విర్ట్ వంటి విడి ఈసీయూలతోనైనా నడిపించుకోవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 ఇంజన్లను మొదటి కారుకు వాడకపోవడమే మేలు. వాటి ఈసీయూ కారులోని మిగతా పెట్టెలతో మాట్లాడనిదే కుదురుగా పనిచేయదు.

ఎంచుకున్న ఇంజన్ ఏదైనా డబ్బులిచ్చే ముందు కంప్రెషన్ చూడాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ఇంజెక్షన్ అయితే పంపు ఫ్యూజు పీకి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి బిగించి సెల్ఫ్‌తో ఐదారు సార్లు తిప్పండి. అంకె ఎంత వచ్చిందనే దానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతో చూడండి. 170, 165, 168 వచ్చి నాలుగో దానిలో 120 వస్తే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వు గానీ హెడ్ గాస్కెట్ గానీ పోయింది. షాపతను "అట్లనే ఉంటది" అంటే నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇంజెక్షన్‌కు పెట్రోలు ఒత్తిడి సుమారు 3 బార్ ఉంటుంది. రాణిగంజ్‌లో పైపు కొనేటప్పుడు ఇంజెక్షన్ పైపు అని చెప్పి అడగండి. కార్బురేటర్ పైపు ఆ ఒత్తిడికి పగులుతుంది, కింద వేడి సైలెన్సర్ ఉంటుంది. లోతు తక్కువ ట్యాంకు అయితే లోపల అడ్డు రేకులు పెట్టించండి, లేకపోతే మలుపులో పెట్రోలు పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది.

మౌంట్లు వెల్డింగ్ చేసే ముందు ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో సహా ఛాసిస్‌లో చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టి, సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) నేలకు ఎంత ఎత్తులో ఉంది, స్టీరింగ్ రాడ్డు ఎగ్జాస్ట్‌కు తగులుతున్నదా, బానెట్ మూతపడుతుందా చూసుకోండి. ఆ తర్వాత రేడియేటర్, ఫ్యాను కలిపి మిట్టమధ్యాహ్నం అరగంట ఐడిలింగ్‌లో వదిలేయండి. ఫ్యాను తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతూ ఉంటే మౌంట్ల వెల్డింగ్‌కు పిలవవచ్చు.