సెపరేటరీ ఫన్నెల్ పట్టుకునే ముందు

ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. సెపరేటరీ ఫన్నెల్‌తో (అడుగున కుళాయి ఉన్న గాజు గరాటు) ఎక్స్‌ట్రాక్షన్, అంటే ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాలతో పదార్థాన్ని వేరుచేయడం, చేయబోయే బీఎస్సీ, బీఫార్మసీ విద్యార్థులు ఇవి చూసుకోండి.

• ఫన్నెల్‌లో నీళ్లు ఒక పొరగా, ఈథర్ లాంటి ఆర్గానిక్ ద్రావణి ఇంకో పొరగా నిలుస్తాయి. వీటిలో ఏ పొరనూ పారబోయవద్దు. ఉత్పత్తి చేతికొచ్చి తూకం వేసేదాకా రెండూ పేర్లు రాసిన బీకర్లలోనే ఉండాలి. సింకులో పోసింది తిరిగిరాదు, ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది.

• కింద ఉన్నది నీళ్లే అనుకోవద్దు. సాంద్రత ఎక్కువున్నదే అడుక్కి చేరుతుంది. నీటి సాంద్రత మి.లీ.కి 1 గ్రాము కాబట్టి ఈథర్ (0.71), ఇథైల్ అసిటేట్ (0.90) నీటిపై తేలతాయి, డైక్లోరోమీథేన్ (1.33), క్లోరోఫాం (1.49) కిందికి దిగుతాయి. అందులో ఏదైనా కరిగితే ఈ అంకెలు కొంత మారతాయి. అందుకే టెస్ట్‌ట్యూబులో కాసిన్ని నీళ్లు తీసుకుని, అనుమానమున్న పొర నుంచి రెండు చుక్కలు వేయండి. కలిసిపోతే నీటి పొర. బొట్లుగా విడిగా నిలిచినా, పైన తెట్టులా తేలినా ఆర్గానిక్ పొర. పట్టిక కన్నా నేను దీన్నే నమ్మమంటాను.

• బైకార్బొనేట్‌తో కడిగేటప్పుడు వెంటనే మూత పెట్టవద్దు. ఆమ్లం తగిలి కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది. నురగ తగ్గాక మూత పెట్టి తిరగేసి, కాడ (ఫన్నెల్ అడుగు గొట్టం) మనుషుల వైపు లేకుండా చూసి, స్టాప్‌కాక్ (దాని కుళాయి) తెరిచి గ్యాస్ వదలండి. ఊపినప్పుడల్లా వదలాల్సిందే.

• ఈథర్ ఉంటే పక్క బల్ల మీద కూడా బర్నర్ వెలగకూడదు. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ ఆవిరి గాలికన్నా బరువు, బల్ల వెంట పాకి అంటుకుంటుంది.

• గట్టిగా ఊపితే మధ్యలో తెల్లటి ఎమల్షన్ (రెండు ద్రవాలూ సన్నటి బొట్లుగా కలగలిసిన పొర) నిలిచిపోతుంది. టెన్షన్ పడకుండా కాస్త ఉప్పునీళ్లు పోసి ఆగండి.

• కింది పొర వదిలేముందు పై మూత తీయండి, లేకపోతే ధార ఆగిపోతుంది. పై పొరను పైనుంచే వంపండి. కాడలో కింది పొర తడి ఉంటుంది.